తగ్గింపు: ఒక మాట చుట్టూ

గోదావరిఖనిలో చౌరస్తా నుంచి మార్కెట్ వైపు నడిస్తే 'తగ్గింపు' అనే మాట మూడు రకాలుగా ఎదురవుతుంది. బట్టల షాపు ముందు 'భారీ తగ్గింపు', ఆషాఢం ఎప్పుడో వెళ్లిపోయినా సరే. యూనియన్ కరపత్రంలో 'కార్మికుల సంఖ్య తగ్గింపు'. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఇవాళ 40 వేల చుట్టుపక్కలకి వచ్చారు కాబట్టి అక్కడ ఆ మాట తిట్టుతో సమానం. మూడోది ఆదివారం పూట మైకులోంచి వినిపిస్తుంది. తగ్గింపు జీవితం, తగ్గింపు మనసు, తగ్గింపు కలిగి ఉండాలి. బయటి లోకం వినయం అనేదాన్ని చర్చి తెలుగు తగ్గింపు అంటుంది. క్రైస్తవ ఇళ్లలో పెరగని వాళ్లకి ఈ వాడుక కొంచెం విచిత్రంగా తోచొచ్చు. 2021 చివర్లో 'పుష్ప' వచ్చాక గడ్డం కింద చెయ్యి తిప్పే ఆ డైలాగ్‌కి జవాబుగా యువజన కూటాల్లో ప్రసంగాలు కూడా నడిచాయి. 'మనం మాత్రం తగ్గాలి తమ్ముళ్లూ' అని.

నేను రాయబోయేది ఈ మూడో తగ్గింపు గురించి. అది ఎవరి నోట పుట్టింది, ఎవరి నోటికి చేరింది, మధ్యలో ఏం పోగొట్టుకుంది అన్నది నాకు సాహిత్య ప్రశ్నగానే కనిపిస్తుంది.

మూలం ఫిలిప్పీయులకు పౌలు రాసిన పత్రిక, రెండో అధ్యాయం. రాసేటప్పటికి పౌలు జైల్లో ఉన్నాడు. ఫిలిప్పీ ఒక రోమన్ కాలనీ. రిటైరైన సైనికులకి భూములిచ్చి కూర్చోబెట్టిన ఊరు. పౌరసత్వం, హోదా, ఎవరి ముందు ఎవరు నడవాలి లాంటి లెక్కలు బాగా తెలిసిన ఊరు. అలాంటి వాళ్లకి పౌలు క్రీస్తు కథ మొత్తాన్ని కొన్ని మెట్లుగా చెప్తాడు. మొదటి మెట్టు మీద ఆయన దేవుడితో సమానుడు. ఆ సమానత్వాన్ని పట్టుకుని వేలాడలేదు. తనని ఖాళీ చేసుకున్నాడు. దాసుడయ్యాడు. ఆ తర్వాత తగ్గించుకున్నాడు, చావు వరకూ. ఖాళీ చేసుకోవడం అనే గ్రీకు క్రియ నుంచే వేదాంతులు 'కెనోసిస్' అనే పేరు తీశారు. తెలుగు బైబిల్ అనువాదకులు అక్కడ 'రిక్తుడు' అనే మాట పెట్టారు. నాకు చాలా నచ్చిన అనువాదం. ఓడిపోయి ఇంటికొచ్చిన మనిషి గురించి రిక్తహస్తాలతో వచ్చాడు అంటాం కదా, ఆ మాటని తెచ్చి దేవుడికి తొడిగారు.

'తగ్గింపు'కి తల్లి ఆ వాక్యంలోని 'తగ్గించుకొను'. ఇక్కడ వ్యాకరణం దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. వండు, వండుకొను. దాచు, దాచుకొను. పని చేసినవాడికే ఆ పని ఫలం తగులుతుందని చెప్పేది ఈ 'కొను'. తగ్గించుకొను అన్నప్పుడు తగ్గించేవాడూ తగ్గేవాడూ ఒక్కడే. దాన్ని నామవాచకం చేసి 'తగ్గింపు' అనేసరికి ఆ 'కొను' రాలిపోయింది. ఎవరు ఎవర్ని తగ్గిస్తున్నారో మాట చెప్పడం మానేసింది. షాపు వాడు ధర తగ్గించినా, కంపెనీ మనుషుల్ని తగ్గించినా, దేవుడి కొడుకు తనని తాను తగ్గించుకున్నా ఒకటే మాట. ఇంకో జంట చూడండి: అణగు నుంచి అణకువ, అణచు నుంచి అణచివేత. ధాతువు ఒక్కటే. మొదటిది ఇంట్లో పిల్లలకి నేర్పే గుణం, రెండోది రోడ్డు మీద నినాదం. తెలుగులో వినయానికి ఉన్న దేశీయమైన మాటలన్నీ ఇలా ఒక చేయి ఎత్తితే ఇంకోలా అయిపోయే మాటలే.

పౌలు వాడిన గ్రీకు మాటకి కూడా ఇలాంటి చరిత్రే ఉంది. ఆ కాలపు గ్రీకు, రోమన్ పెద్దమనుషుల వాడుకలో అది మెచ్చుకోలు మాట కాదు. నీచుడు, బానిసబుద్ధి గలవాడు అనే అర్థంలో వాడేవాళ్లు. ఆ తిట్టుని తీసుకుని గుణంగా మార్చడం తొలి క్రైస్తవులు భాషకి చేసిన పెద్ద పని. అయితే ఆ మార్పు మెట్ల వరస మీద ఆధారపడి ఉంది. ముందు సమానుడు, తర్వాత రిక్తుడు. మొదటి మెట్టు తీసేసి మూడో మెట్టు నుంచి కథ మొదలుపెడితే మళ్లీ పాత తిట్టే మిగులుతుంది. నేను విన్న ప్రసంగాల్లో చాలా భాగం మూడో మెట్టు నుంచే మొదలవుతాయి.

ఇది పాటల్లోకి ఎలా వచ్చిందో చూద్దాం. తెలుగు క్రైస్తవ కీర్తనకి ఆదిపురుషుడు అనదగ్గవాడు పురుషోత్తమ చౌదరి (1803–1890). పర్లాకిమిడి ప్రాంతంలో బెంగాలీ మూలాలున్న వైష్ణవ కుటుంబంలో పుట్టి, చదువుకుని, 1830ల్లో క్రైస్తవుడయ్యాడు. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకంలో ఆయనవి బోలెడు ఉన్నాయి. ఇప్పటికీ రాగం, తాళం పేర్లతో అచ్చవుతున్నాయి. ఆ కీర్తనల్లో మాట్లాడే 'నేను' పాపి, దిక్కులేనివాడు, పాదాల దగ్గర పడి ఉండేవాడు. ఈ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో మనకి తెలుసు. వైష్ణవ శరణాగతి నుంచి, భక్త కవుల ఆత్మనింద నుంచి వచ్చింది. చౌదరి విషయంలో దానికో బరువుంది. కులం, పాండిత్యం, బంధువులు, ఊళ్లో పేరు ఉన్న మనిషి వాటిని వదిలి 'నేనేమీ కాను' అంటున్నాడు. వదలడానికి ఆయన దగ్గర ఉన్నాయి. పౌలు చెప్పిన వరసకి ఆ జీవితం సరిపోతుంది.

మరి అదే కీర్తన బొగ్గుబాయిల కాలనీల్లో ఎవరు పాడుతున్నారు? గోదావరిఖనిలో బాయిలు పడింది 1960ల్లో. కరీంనగర్, వరంగల్ పల్లెల నుంచి భూమి లేని జనం వచ్చి తట్టా చెమ్మస్ పట్టుకున్నారు. చర్చిల్లో కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల వాళ్లు. ఊళ్లో దొర ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచిన తాతల మనవలు. వాళ్లకి 'నేను దిక్కులేనివాణ్ని' అన్నది కవిసమయం కాదు, నిన్నటి సంగతి. చౌదరి దిగిన మెట్లు వాళ్లు ఎక్కనేలేదు. ఆ 'నేను'లో నోరు పెట్టి పాడుతున్నప్పుడు ఏం జరుగుతుంది? ఇది బానిసత్వాన్ని పవిత్రం చేసే కుట్ర అని ఒక్క మాటలో తేల్చేయడం మన విమర్శకులకి సులువు. నాకు అంత నమ్మకం లేదు. ఆ పాట పాడిన అదే మనుషులు 1981లో సికాస పుట్టినప్పుడు సమ్మెల్లో ఉన్నారు, 2011 సకల జనుల సమ్మెలో బాయిలు బంద్ పెట్టారు. దేవుడి ముందు పడుకున్న మనిషి మేనేజర్ ముందు లేచి నిలబడడం ఈ ఊరికి కొత్తేం కాదు. కానీ ప్రసంగ పీఠం మీద నుంచి వచ్చే తగ్గింపు ఈ తేడాని గుర్తించదు. జీతం గురించి అడిగినవాడికీ, భర్త తాగి కొడుతున్నాడని చెప్పుకున్న ఆడమనిషికీ, చర్చి లెక్కలు అడిగిన పిల్లాడికీ అందరికీ అదే మందు.

ఇంకో సంగతి, పేర్ల సంగతి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి వచ్చింది. క్రైస్తవులకి ఇప్పటికీ లేదు. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవాళ్లు మన రెండు రాష్ట్రాల్లో బీసీ-సి. కాబట్టి ఒకే మనిషికి రెండు పేర్లు. మస్టర్‌లో ఒకటి, చర్చి రిజిస్టర్‌లో ఒకటి. కల్యాణరావు 'అంటరాని వసంతం'లో శివయ్య సైమన్ అవుతాడు. నవలలో అది ఒక కరువు, ఒక వలస, ఒక ఆశ్రయం చివర జరిగే పెద్ద మలుపు. బొగ్గుబాయిల దగ్గర ఆ మలుపు ప్రతి వారం జరుగుతుంది. ఆదివారం పొద్దున యోహాను అయిన మనిషి ఫస్ట్ షిఫ్ట్‌కి మళ్లీ రాజయ్య. తన పేరు తాను గట్టిగా చెప్పుకోలేని మనిషికి 'నీ నేనుని వదిలెయ్' అని బోధించడంలో ఏదో పొసగడం లేదు. ముందు ఆ నేను అతని చేతికి రావాలి కదా.

మరోవైపు ఫ్లెక్సీలు. సువార్త మహాసభలు అనగానే కరెంటు స్తంభాలకి వేలాడే ఆ ఫ్లెక్సీల్లో దైవజనుడి బొమ్మ నిలువెత్తున, పేరుకి ముందు అపొస్తలుడు, డాక్టర్, అభిషిక్తుడు. మూలన ఎక్కడో బొటనవేలంత సిలువ. ప్రసంగాంశం చాలాసార్లు తగ్గింపే. నవ్వు వస్తుంది నిజమే. కానీ ఈ ఫ్లెక్సీ వెనక ఉన్న ఆకలి నాకు అర్థమవుతుంది. మూడు తరాలుగా ఎవరూ 'గారు' అనని ఇంటి నుంచి వచ్చిన కుర్రాడికి దొరికిన మొదటి నిలువెత్తు బొమ్మ అది. దాన్ని వెక్కిరించడం తేలిక. అతను ఎక్కిన మెట్టు మీద నిలబడి కింద ఉన్నవాళ్లని తగ్గమనడమే అసలు తప్పు. ఎక్కినవాడు తగ్గాలి. పత్రికలో ఉన్నదదే.

ఎక్కినవాడి ముఖం మీదే ఈ మాట చెప్పిన తెలుగు నేల మనిషి ఒకడున్నాడు. పుట్టుక తమిళం, పని తెలుగు. బొగ్గు కథకి దగ్గర మనిషి కూడా. సింగరేణికి ఆ పేరిచ్చిన ఊరు, 1880ల్లో మొదటి బాయిలు పడ్డ ఇల్లందు, వీటి బొగ్గు మెయిన్ లైన్ ఎక్కేది డోర్నకల్ జంక్షన్ దగ్గర. ఆ డోర్నకల్‌కి తిరునల్వేలి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డాడు వి.ఎస్. అజరయ్య (1874–1945). 1912లో ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సభ నిండా తెల్ల మిషనరీలు, సంఘాల అధికారులు. 35 ఏళ్ల అజరయ్య లేచి, మీరు మా కోసం డబ్బిచ్చారు, కష్టపడ్డారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, కానీ మాతో స్నేహం చేయలేదు, మాకు స్నేహితులు కావాలి అనే అర్థంలో మాట్లాడాడు. మిషనరీలు తమ దేశీ సహోద్యోగుల్ని భోజనానికి పిలవకపోవడం లాంటి చిన్న విషయాలు పేర్కొన్నాడు. సభలో కొందరికి గట్టిగానే గుచ్చుకుంది.

ఇవాళ్టి చర్చి తెలుగులో దీన్ని ఏమంటారు? 'తగ్గింపు లేదు' అంటారు. తిండి పెట్టినవాళ్ల ఇంటికెళ్లి ఫిర్యాదు చేశాడు కాబట్టి. కానీ ఆ ప్రసంగం మొత్తం వినయం గురించే. డబ్బు ఇవ్వడంలో ఇచ్చేవాడి పెద్దరికం చెక్కుచెదరదు, నిజానికి పెరుగుతుంది. పక్కన కూర్చుని తినడంలో ఆ పెద్దరికం పోతుంది. అజరయ్య వాళ్లని రిక్తులు కమ్మని అడిగాడు, తాను సమానుడి స్థానంలో నిలబడి అడిగాడు. తర్వాత బిషప్‌గా ఆయన పెద్దరికం ఆయనకీ ఉంది. గాంధీతో మతమార్పిడుల విషయంలో ఆయనకి నడిచిన వివాదం వేరే పెద్ద కథ. 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ కెథడ్రల్‌ని చూస్తే గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు కలిసి కనిపిస్తాయి. ఇంగ్లిష్ గోపురం తన ముఖ్యత్వాన్ని వదులుకున్న చోటు అని నాకనిపిస్తుంది. అందంగా ఉందా అంటే, అన్నివైపుల నుంచీ కాదు.

సాహిత్యంలో ఈ పని చేసినవాడు జాషువా. 1895లో వినుకొండలో పుట్టాడు. తండ్రి యాదవ, తల్లి మాదిగ, ఇల్లు క్రైస్తవం. ఆయన 'క్రీస్తు చరిత్ర'కి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. తెలుగు క్రైస్తవులు గర్వంగా చెప్పుకునే సంగతే. నిష్ఠూరమైనా చెప్పాలి, ఆ కావ్యం నన్ను పెద్దగా పట్టుకోలేదు. పద్యం నిండుగా ఉంది, కథ తెలిసిన దారిలో పోతుంది. దాని విలువ నాకు ఇంకో చోట కనిపిస్తుంది. రాజులకీ దేవుళ్లకీ కట్టిన ఛందస్సులో ఒక వడ్రంగి కొడుకుని కూర్చోబెట్టడం, అదీ ఆ ఛందస్సు నేర్చుకునే హక్కు లేదన్న కులం నుంచి వచ్చి. మొదటి మెట్టు కట్టడం అంటే అదే.

కానీ జాషువా రాసిన అసలైన క్రైస్తవ కావ్యం 'గబ్బిలం' (1941) అని నా అభిప్రాయం, అందులో వినేది కాశీ విశ్వేశ్వరుడే అయినా. కాళిదాసు యక్షుడు మేఘాన్ని ప్రియురాలి దగ్గరికి పంపితే, జాషువా అరుంధతీసుతుడు గబ్బిలాన్ని శివుడి దగ్గరికి పంపుతాడు. తను వెళ్లలేని గుడిలోకి గబ్బిలం వెళ్లగలదు కాబట్టి. ఆ మనిషి గొంతు గమనించండి. ఆకలిగా ఉన్నాడు, ఒంటరిగా ఉన్నాడు, దీపం చిన్నది. అయినా తనని తాను పురుగు అనుకోడు. లోకం తనని పురుగులా చూస్తోందని చెప్తాడు. ఈ రెంటికీ మధ్య దూరం అంతా ఇంతా కాదు. చౌదరి కీర్తనలోని 'నేను' కిందికి దిగుతూ మాట్లాడుతుంది. గబ్బిలంలోని 'నేను' కింద నిలబడి తలెత్తి మాట్లాడుతుంది, పక్షుల్లో కలవని ఒక ప్రాణిని చుట్టంలా పలకరించి పని అప్పజెప్తుంది. గొప్పలు పోదు, కుంగిపోదు. నాకు తెలిసి తెలుగులో వినయానికి ఇంతకంటే సరైన గొంతు లేదు.

జాషువా జీవితంలో ఒక దృశ్యం చాలామందికి తెలుసు. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి, కవుల తరం మొత్తానికి గురువు, సభలో జాషువా కాలికి గండపెండేరం తొడిగాడు. దీన్ని జాషువా గెలుపుగా చెప్పుకుంటాం. నిజమే. చెళ్లపిళ్ల వైపు నుంచి కూడా ఒకసారి చూడాలి. యోహాను సువార్త పదమూడో అధ్యాయంలో గురువు లేచి, నడుముకి తువ్వాలు కట్టుకుని, శిష్యుల కాళ్లు కడుగుతాడు. పేతురు వద్దంటాడు. గురువు ఒప్పుకోడు. క్రైస్తవుడు కాని ఒక వృద్ధ బ్రాహ్మణ పండితుడు వంగి, అంటరానివాడన్న ఒక క్రైస్తవ కవి పాదం పట్టుకోవడం ఆ అధ్యాయానికి తెలుగులో జరిగిన వ్యాఖ్యానం. జాషువా ఆ రోజు చేయాల్సింది ఒక్కటే, కాలు వెనక్కి తీసుకోకపోవడం. అది కూడా వినయమే అనుకుంటాను. గౌరవం వస్తే 'అయ్యో నాకెందుకండీ' అని మెలికలు తిరగడం మనకి బాగా అలవాటు, అందులో 'నేను' ఎంత ఉంటుందో తెలిసిందే.

సీమోన్ వెయిల్ (1909–1943) ఇక్కడ పనికొస్తుంది. ఫ్రాన్స్‌లో ఫిలాసఫీ టీచర్. 1934–35లో కావాలని ఫ్యాక్టరీ కూలీగా చేరింది. అక్కడ తనకి అయిన అవమానాల్ని ఆమె వినయానికి మెట్టుగా పొగడలేదు. బానిస ముద్ర పడింది అని రాసుకుంది. బయటి నుంచి నలిపేస్తే మనిషిలోని 'నేను' పగిలిపోతుంది. తనంతట తాను ఇచ్చేస్తే అది వేరు. పగిలిపోయినదాన్ని ఇక ఇచ్చేయడానికి కుదరదు. వెయిల్ తర్వాతి రాతలన్నీ ఈ తేడా చుట్టూ తిరుగుతాయి. వినయానికి ఆమె పెట్టిన ఇంకో పేరు శ్రద్ధ. నా గురించి ఆలోచించడం ఆపి ఎదురుగా ఉన్నదాన్ని చూడడం.

బాయిలో పనిచేసినవాళ్లకి దీన్ని వివరించక్కర్లేదు. రూఫ్ గట్టిగా ఉందో లేదో తెలియాలంటే కర్రతో తట్టి వినాలి. గట్టి బండ ఖంగుమంటుంది. వదులైతే బోలు చప్పుడు. ఆ వినే రెండు క్షణాలూ నీ సీనియారిటీ, నీ కులం, నిన్న ఇంట్లో జరిగిన గొడవ ఏదీ చెవిలో ఉండకూడదు. తక్కువ ఎత్తు గ్యాలరీలో అందరూ వంగే నడుస్తారు, ఓవర్‌మన్ కూడా. ఆ వంగడాన్ని ఎవరూ అవమానం అనుకోరు. పైకి వచ్చాక ఆఫీసు గుమ్మం దగ్గర వంగమంటే మాత్రం అనుకుంటారు.

చర్చి సాహిత్యంలో ఈ శ్రద్ధకి చోటు దొరకాల్సిన ప్రక్రియ సాక్ష్యం. తెలుగులో ఆత్మకథ రాయని, రాయలేని వేలమంది నోటితో చెప్పుకున్న ఆత్మకథ అది. మన సాహిత్య చరిత్రల్లో దాని ఊసే లేదు. కానీ దాని మూస గట్టిగా బిగుసుకుపోయింది. నేను తాగుబోతుని, నేను పాపిని, నన్ను ఆయన లేపాడు. తగ్గింపుగా మొదలై ఎంత పెద్ద పాపినో చెప్పుకోవడంలో పోటీగా మారుతుంది. మంచి సాక్ష్యాలు మూస తప్పినప్పుడే వస్తాయి. లేబర్ కాలనీ వైపు ఒక చిన్న ప్రార్థన మందిరంలో నేను విన్నది అలాంటిది. ముప్పై ఏళ్లకి పైగా కోల్‌ఫిల్లర్‌గా చేసి దిగిపోయిన పెద్దమనిషి. మైకు వద్దన్నాడు. తనతో ఒకే గ్యాంగులో పనిచేసినవాళ్ల పేర్లు మొదలుపెట్టాడు. ఒక్కొక్కరి పేరు, ఊరు, ఏం పని. దిమ్మెలు నిలబెట్టిన టింబర్‌మన్, రూఫ్ తట్టి వెనక్కి రమ్మన్న సర్దార్, ల్యాంపురూంలో దీపం సరిచూసి ఇచ్చినవాడు. ఇద్దరు ముగ్గురి దగ్గర 'ఆయన పోయిండు' అన్నాడు. కొన్ని పేర్లు ముస్లిం పేర్లు, కొన్ని ఏ చర్చిలోనూ లేని పేర్లు. అయిపోగానే కూర్చున్నాడు.

కుర్ర పాస్టర్ కాసేపు చూసి, "మరి మీ సాక్ష్యం, పెద్దయ్యా?" అన్నాడు.

"చెప్పిన గద అయ్యగారూ."

తర్వాత పాట నంబరు చెప్పారు.